ఇరుసు పాసైందన్నారు

మొగిలి తాగి బండి నడిపాడని, అందుకే అది క్వారీలో బోల్తా పడిందని రామ్మోహనరావు ప్రకటిస్తున్నప్పుడు, మొగిలి భార్య యాదమ్మ అదే హాల్లో నేల తుడుస్తోంది.

హైటెక్ సిటీలో ఒక అద్దాల టవరు. మధ్యాహ్నం భోజనాల వేళ. రామ్మోహనరావు ఆ కంపెనీకి పెద్ద మేనేజరు. ఇంజనీర్లందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టి మాట్లాడుతున్నాడు. నేల తుడిచే మనిషికి కూడా ఒక పేరుంటుందని, ఒక మొగుడుంటాడని, రెండు చెవులుంటాయని ఆయనకు తట్టనే లేదు.

"ఇది పూర్తిగా డ్రైవర్ తప్పు. మన డిజైన్‌కీ దీనికీ సంబంధం లేదు. పోలీసులకీ అదే చెప్పాం. ఎవరూ కంగారు పడకండి."

యాదమ్మ చేతిలో కర్ర ఆగిపోయింది.

"సార్, నా పెనిమిటి తాగడు. కల్లు సుత ముట్టడు. కాలు ఇరిగి దవాఖానల పండిండు. ఆయన్ని ఇప్పుడు తాగుబోతును జేస్తున్నరా?"

"ఎవరీమె?" అని రామ్మోహనరావు చుట్టూ చూశాడు. "సెక్యూరిటీ!"

గార్డు వచ్చాడు. యాదమ్మ మోచెయ్యి పట్టుకుని లిఫ్టు దాకా నడిపించుకుపోయాడు. ఆమె వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది, ఒక్కరైనా నోరు తెరుస్తారేమోనని. అందరూ పళ్లాల్లోకి చూశారు. పప్పన్నంలో ఏముందో అంత శ్రద్ధగా ఎవరూ ఎన్నడూ చూసి ఉండరు.

ఆ హాల్లో అసలు సంగతి తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. ఇది చదివే కార్మికులారా, కాలేజీల్లో ఇంజనీరింగ్ చదువుకుంటున్న పిల్లలారా, ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఈ కథలో అజ్ఞానం లేదు. భయం ఉంది.

అసలు సంగతి ఇది. ఆ కంపెనీ విదేశాల్లోని శ్రీమంతుల కోసం ఒక బండి తయారు చేస్తోంది. ఎడారుల్లో, కొండల్లో రోడ్డు లేని చోట తిరగడానికి లారీ అంత బండి. దాని మీద ఇల్లు. మంచాలు, వంటగది, నీళ్ల ట్యాంకులు. గీతలు గీసేది హైటెక్ సిటీలో, ఇనుము కరిగించి బిగించేది జీడిమెట్ల షెడ్డులో. బండి మొత్తం బరువుకు ఒక హద్దు ఉంది. కొనేవాళ్లు వేడినీళ్ల స్నానాల గది కూడా కావాలన్నారు. ఆ మేరకు బరువు ఎక్కడో ఒకచోట తగ్గించాలి కదా. ముందు ఇరుసులో తగ్గించారు. ఇరుసు చివర చక్రాన్ని పట్టుకుని తిప్పే ఉక్కు ముక్కను నకిల్ అంటారు. స్నానాల గది కోసం ఆ నకిల్ మెడ సన్నం చేశారు.

తారు రోడ్డు మీద నడిపితే ఏమవుతుందో కంప్యూటర్లో లెక్క వేస్తే మెడ పచ్చగా కనిపించింది. బండరాళ్ల మధ్య చక్రం ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఏమవుతుందో లెక్క వేస్తే ఎర్రగా మండింది. విరుగుతుందని దాని అర్థం. అది అందరూ చూశారు. రామ్మోహనరావు పచ్చ బొమ్మను క్లయింటుకు చూపించి, "రోడ్డు లెక్క సరిపోతుంది, ముందుకెళ్దాం" అన్నాడు. రోడ్డు లేని చోట తిరగడానికి కొనే బండికి రోడ్డు లెక్క! నవ్వాలో ఏడవాలో తెలియని మాట అది. అయినా ఎవరూ నవ్వలేదు, ఏడవలేదు. మొదటి బండిని పరీక్షించడానికి క్వారీకి తీసుకెళ్లిన మొగిలి బండ మీద చక్రం తిప్పాడు, మెడ విరిగింది, బండి దొర్లింది.

ఇప్పుడు రెండో బండి సిద్ధమైంది. అదే ఇరుసు. శుక్రవారం క్లయింటుతో వీడియో మీటింగు. అందులో ఇరుసు పాసైతే తప్పు మొగిలిదేనని రుజువైనట్టు. శనివారం మరో డ్రైవరు రమేష్ ఆ బండి ఎక్కాలి.

ఆ ఇరుసు గీసినవాళ్లలో ఉమాశ్రీ ఒకతె. కాకినాడ నుంచి వచ్చి నల్లగండ్లలో కాపురం ఉంటోంది. యాదమ్మను ఈడ్చుకుపోయిన రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. లేచి మాట్లాడితే ఏమవుతుందో తెలుసు. ఉద్యోగం పోతుంది. వెళ్లేటప్పుడు ఇవ్వాల్సిన కాగితం ఇవ్వరు. ఒక టవరులో వేలెత్తి చూపితే పక్క టవరులో తలుపు తెరవరు. కార్డు గీస్తేనే లోపలికి రావాలి, కార్డు గీస్తేనే బయటికి పోవాలి. బయటి నుంచి చూసేవాళ్లకు అది అద్దాల మేడ. లోపల ఉన్నవాళ్లకు ఆ అద్దంలో తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు.

బుధవారం సాయంత్రం ఉమాశ్రీ, ఆమెతో పనిచేసే జశ్వంత్, ఇంకొందరు ఇంజనీర్లు లింగంపల్లి స్టేషన్ బయట చాయ్ బండి దగ్గరికి వెళ్లారు. యాదమ్మే పిలిచింది. షెడ్డులో ఫిట్టరు శివ, డ్రైవరు రమేష్, వాళ్లతో మరికొందరు అప్పటికే నిలబడి ఉన్నారు. మొదట ఎవరూ ఎవరినీ పలకరించలేదు. కంపెనీ ఒకటే, జీతమిచ్చే చెయ్యి ఒకటే, అయినా వీళ్లు బెంచీకి ఈ చివర, వాళ్లు ఆ చివర.

"మీరు ఏసీల కూసోని గీత గీస్తరు. ఆ గీత మీద పానం పెట్టి కూసునేది మేము. మెడ ఇరుగుతదని మీకు ఎరుకేనా, కాదా?" అని రమేష్ సూటిగా అడిగాడు.

"తెలుసండి," అంది ఉమాశ్రీ.

"ఎరుకై ఎట్ల పాస్ జేసిండ్రు?"

జశ్వంత్‌కు కోపం వచ్చింది. "మేం పాస్ చెయ్యలేదండీ! మేం ఏమీ అనలేదు, అంతే. ఆయన మీటింగ్‌లో ఎవరికైనా అభ్యంతరమా అని అడుగుతాడు. కాఫీ కప్పు ఎత్తి ఒక గుక్క తాగుతాడు. కప్పు కింద పెట్టేలోపు ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. మా ఆఫీసులో అంతే. బొమ్మ గీసినవాళ్లు లెక్క వేసినవాళ్లు చెబుతారనుకున్నారు. లెక్క వేసినవాళ్లం షెడ్డు వాళ్లు చెబుతారనుకున్నాం. కప్పు కింద పెట్టేశాడు."

"మేమా?" అన్నాడు శివ. "మేం ఎట్ల చెప్తం? మీటింగుల టీవీల మా మొకాలు కనవడ్తయి గని మా మైకు ఎన్నడన్న మోగిందా?"

"గ్రైండింగ్ చప్పుడు క్లయింటుకి ఇబ్బందని మీ మైకు ఆఫీసు నుంచే ఆపేస్తారు," అంది ఉమాశ్రీ. ఆ మాట అంటుంటేనే ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. "మీరు మాట్లాడలేదు కాబట్టి మీరూ ఒప్పుకున్నట్టే లెక్క."

చాయ్ బండి దగ్గర ఒక్కసారిగా గోల లేచింది.

"మా నోరు మూసి, మేం సరే అన్నమని రాస్కున్నరా!"

"మొగిలన్న గూడ ఒప్పుకున్నట్టేనా? ఆయన కాలు ఇరిగేది ఆయనే పాస్ జేసిండా?"

"ఆ షెడ్డుకు రేపే తాళమేద్దాం!"

"తాళం వేస్తే కొత్తవాళ్లని తెచ్చుకుంటాడండి. మేం మెయిల్ పెడతాం."

"మెయిల్ పెడితే పెట్టినామెను పీకేస్తడు. గంతే."

వాదన పెరిగింది. ఒకరి మీద ఒకరికున్న అనుమానమంతా బయటపడింది. జశ్వంత్ వెళ్లిపోతానని బ్యాగు కూడా భుజానికెత్తుకున్నాడు. అప్పటిదాకా చాయ్ గ్లాసు పట్టుకుని ఊరికే నిలబడ్డ యాదమ్మ అతని దారికి అడ్డం వచ్చింది.

"సారూ, మీరు పోతే పోండ్రి. ఒక్క మాటిని పోండ్రి. ఎవ్వలు మాట్లాడకపోతేనే అది పాసైతదంటున్నరు గద. అయితే అందరు మాట్లాడుండ్రి. ఒక్కలు మాట్లాడితే ఒక్కల్ని పంపిస్తడు. అందర్ని పంపిస్తే ఆ ఇరుసు ఎవలు గీస్తరు, ఎవలు బిగిస్తరు, ఎవలు నడుపుతరు? రామ్మోహనరావు నడుపుతడా?"

ఎవరో నవ్వారు. జశ్వంత్ బ్యాగు దించాడు. రమేష్ బెంచీ మీద కొంచెం జరిగి అతనికి చోటిచ్చాడు.

శుక్రవారం వచ్చింది. మీటింగు గదిలో పెద్ద టీవీ. ఒక మూల విదేశీ క్లయింటు ముఖం, మరో మూల జీడిమెట్ల షెడ్డు. జశ్వంత్ లాప్‌టాప్ ముందు కూర్చుని బొమ్మలు మారుస్తున్నాడు. పచ్చ బొమ్మ వచ్చింది. రామ్మోహనరావు నవ్వుతూ ఇంగ్లీషులో చక్కగా వివరించాడు. తర్వాత అడిగాడు.

"ఎనీ అబ్జెక్షన్స్?"

కప్పు ఎత్తాడు.

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. బుధవారం చాయ్ బండి దగ్గర ఉమాశ్రీకి ఎంత తేలికగా అనిపించిందో ఇక్కడ అంత అసాధ్యంగా ఉంది. ఎదుటివాళ్లు మొదలుపెడతారేమోనని ప్రతి ఒక్కరూ ఎదుటివాళ్లను చూస్తున్నారు. మళ్లీ అదే తప్పు. మళ్లీ అదే గది. కప్పు బల్ల వైపు దిగుతోంది.

టీవీలో షెడ్డు కదిలింది. రమేష్, శివ కలిసి బరువైనదేదో మోసుకొచ్చి కెమెరా ముందు బల్ల మీద పెట్టారు. మొగిలి బండి నకిల్. విరిగిన మెడ. పాత ఇనుములో పారెయ్యమని రామ్మోహనరావు పంపిన ముక్క అది. వాళ్ల వెనక షెడ్డు మనుషులంతా నిలబడి చేతులెత్తారు. నోళ్లు కదులుతున్నాయి. ఒక్క మాటా వినిపించడం లేదు. మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్న మనుషులు, చప్పుడు లేదు!

"నెట్‌వర్క్ ప్రాబ్లం," అన్నాడు రామ్మోహనరావు.

"నెట్‌వర్క్ కాదండీ." ఉమాశ్రీ లేచి నిలబడింది. "మైకు మీరే ఆపారు. నాకు అభ్యంతరం ఉంది. ఆ మెడ విరుగుతుందని మాకు ముందే తెలుసు. మొగిలి తప్పేం లేదు."

"కూర్చో ఉమాశ్రీ! జశ్వంత్, కాల్ కట్ చెయ్!"

జశ్వంత్ చెయ్యి లాప్‌టాప్ మీదికి వెళ్లింది. కాల్ కట్ చెయ్యలేదు. జీడిమెట్ల మైకు తెరిచాడు.

గ్రైండింగ్ చప్పుడు ఏదీ? షెడ్డులో మిషన్లన్నీ ఆపేసి ఉన్నాయి. గది గోడలు అదిరేలా గొంతులు వచ్చిపడ్డాయి.

"అభ్యంతరం ఉంది!"

"బండి ఎక్కం! మెడ మందం జేసేదాక ఎవ్వలం ఎక్కం!"

జశ్వంత్ ఎర్ర బొమ్మను తెర మీద పెట్టి లేచాడు. "నాకూ అభ్యంతరం ఉంది సర్." బల్ల చుట్టూ కుర్చీలు ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి. వాళ్లేమంటున్నారని క్లయింటు అడిగాడు. ఉమాశ్రీ ఇంగ్లీషులో చెప్పింది. ఆయన చాలాసేపు విరిగిన మెడనే చూసి, ఇరుసు ఆపేయమని, స్నానాల గది సంగతి తర్వాత చూద్దామని అన్నాడు. కాఫీ కప్పు ఇంకా రామ్మోహనరావు చేతిలోనే ఉంది.

ఇరుసు ఆగింది. అంతమాత్రాన అధికారం ఊరుకుంటుందా? మధ్యాహ్నానికి ఉమాశ్రీ కార్డు పనిచెయ్యడం మానేసింది. కింద గేటు దగ్గర ఆమె గీస్తే ఎర్ర దీపం వెలిగింది, కడ్డీ తిరగలేదు. ఆమె లోపలికీ పోలేకపోయింది, బయటికీ పోలేకపోయింది. ఆ రోజు యాదమ్మను నడిపించుకుపోయిన గార్డే వచ్చి పక్క తలుపు తీసి పట్టుకున్నాడు.

"మేడం, జీడిమెట్లకు పోలీసులు వస్తున్నరంట. జల్ది పోండ్రి," అన్నాడు మెల్లగా.

ఆమె ఒక్కతే వెళ్లలేదు. జశ్వంత్ దిగాడు. ఆ మీటింగులో కుర్చీ జరిపినవాళ్లంతా దిగారు. ఆఫీసు క్యాబుల డ్రైవర్లు ఎవరినీ అడగకుండా తలుపులు తీశారు.

వాళ్లు షెడ్డు చేరేసరికి సాయంత్రమైంది. జీపు గేటులోనే ఉంది. కంపెనీ సొత్తు దొంగిలించి దాచాడని రమేష్ మీద ఫిర్యాదు. ఆ సొత్తు విరిగిన నకిల్. మొగిలి కాలు విరిగితే కేసు మొగిలి మీద, నకిల్ విరిగితే కేసు రమేష్ మీద. వీళ్ల చట్టం బలే చట్టం!

ఎస్సై రమేష్‌ను జీపు ఎక్కించాడు. "ఎవరికన్న అభ్యంతరం ఉంటే ఠాణాకొచ్చి చెప్పుకోండ్రి. దారి ఇడువుండ్రి," అన్నాడు.

యాదమ్మ జీపు ముందు నేల మీద కూర్చుంది. "ఈడనే చెప్తం సార్. నాకుంది."

"నాకుంది," అని శివ కూర్చున్నాడు.

"నాకూ ఉందండి." ఉమాశ్రీ ఆ గ్రీజు మట్టిలోనే కూర్చుంది. జశ్వంత్ కూర్చున్నాడు. షెడ్డు మొత్తం కూర్చుంది. పక్కనే మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు వదిలారు. ఏమైందని అడిగి, విని, వాళ్లలోనూ సగం మంది వచ్చి కూర్చున్నారు. దారి చేసుకోవడానికి మరో వ్యాను నిండా పోలీసులు రావలసి వచ్చింది. ఒక్కొక్కరినీ ఎత్తి పక్కన పడేస్తుంటే జీపులోంచి రమేష్ అరిచాడు. "ఎవ్వలు బండి ఎక్కకుండ్రి! మొగిలన్న మీద కేసు తీసేసేదాక ఎక్కకుండ్రి!"

జీపు వెళ్లిపోయింది. రేగిన దుమ్ములో యాదమ్మ ఫోను మోగింది. దవాఖాన నుంచి మొగిలి.

"రమేష్‌ను కొంచవోయిండ్రట గద," అన్నాడు. "నేను తాగలేదని చెప్పినవా?"

"నేనొక్కదాన్నే చెప్పలే," అంది యాదమ్మ. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని ఆపుకోలేదు. "అందరు చెప్పిండ్రు. ఇంజనీర్లు, షెడ్డోళ్లు, అందరు."

"మరి ఇగ ఇంటికి పో. చీకటి పడ్తున్నది."

యాదమ్మ చుట్టూ చూసింది. బట్టల మీది మట్టి దులుపుకుని అందరూ రోడ్డెక్కారు. ముందు శివ, అతని వెనక ఉమాశ్రీ. మందుల ఫ్యాక్టరీ వాళ్లు కూడా ఎవరూ ఇళ్ల వైపు తిరగలేదు.

"ఇంటికి పోతలేను," అంది. "ఠాణాకు పోతున్నం. అభ్యంతరముంటే ఆడికొచ్చి చెప్పమన్నరు."