తనాకా మీద పడిన నేరం

హెరాల్డన్న తన కెమెరా ఇంకొకరి చేతికి ఇవ్వడం మాటలు కాదు. ఊరవతలి తాకేటా పేటలో పెళ్ళిళ్ళకూ చర్చి వేడుకలకూ ఫోటోలు తీసి ఇల్లు నడుపుకునే మనిషి ఆయన. మా పజుండౌంగ్ పేట అమ్మవారి ఉత్సవానికి ఫోటోలు తీసే పని నాకు అప్పజెప్పారని రెండు రోజులు వెంటపడితే ఇచ్చాడు. ఇస్తూ పూటంతా పాఠం చెప్పాడు. ఫిబ్రవరి ఎండకి మైదానంలో మట్టి పిండిలా లేస్తుంది కాబట్టి కెమెరాకి ప్లాస్టిక్ సంచి తొడిగి, లెన్సు దగ్గర రబ్బరు బ్యాండు బిగించమన్నాడు. ఆఖర్న వేలు చూపించాడు.

"లెన్సు మార్చాలంటే గదిలోకెళ్ళి తలుపేసుకో. బయట మాత్రం విప్పకు, వాసూ."

అన్నీ బుద్ధిగా విన్నాను. వినడంలో నన్ను మించినవాడు లేడు.

సంచి తొడిగాను, బ్యాండూ వేశాను. ఘటాలు మైదానంలోకి వచ్చేసరికి జనం కాళ్ళ కింద దుమ్ము లేచిపోయింది. పైనుంచి ఆడవాళ్ళు చల్లే పసుపు. మా అచ్చమ్మత్త మొదటి ఘటం ఎత్తుకుని దూరంగా నడుస్తోంది. ఆమె ముఖం దగ్గరగా రావాలంటే పొడుగు లెన్సు కావాలి. గుడి ఆఫీసు గదికి వెళ్ళొచ్చేలోపు ఘటం దాటిపోతుంది. భుజం మీది కండువా తలమీదుగా కప్పుకుని, దాని కిందే లెన్సు మార్చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ కండువాని పొద్దున్నే పూజారి పసుపునీళ్ళలో ముంచి నా భుజాన వేశాడు. ఎండకి ఆరి పొడి రాలుతోందని, ఇంటికొచ్చి మడతపెడుతుంటే తెలిసింది. ఫోటోలు చూసుకున్నాను. అత్త ముఖం చక్కగా వచ్చింది, వెనక ఆకాశంలో మాత్రం రెండు మచ్చలు. చూడనట్టు ఊరుకున్నాను. మర్నాడు కెమెరా పైపైన తుడిచి ఇచ్చేశాను.

పది రోజుల తర్వాత టీ కొట్లో హెరాల్డన్న కనిపించాడు. బాప్తిస్మం ఫోటోల్లో తెల్లబట్టల మీద అన్నీ మచ్చలేనట. లెన్సు విప్పి చూస్తే లోపల పసుపుపచ్చ పొడి.

ఆయన భార్య ఎమిలీ వదిన రోజూ తనాకా చెక్కని గంధంలా రాతి మీద అరగదీసి బుగ్గలకు రాసుకుంటుంది, ఈ ఊళ్ళో ఆడవాళ్ళందరిలాగే. అదీ ఆ రంగులోనే ఉంటుంది. ఏడాదిగా ఆమె ఆయన దగ్గర కెమెరా పని నేర్చుకుంటోంది. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం చర్చిలో మొదటిసారి తనొక్కతే ఫోటోలు తియ్యాలి. అందరికీ చెప్పుకుని తిరిగింది.

"మీ వదిన తనాకా చేతుల్తో ముట్టింది. ఏటి సెయ్యను? ఇంక ముట్టుకోవద్దన్నాను" అన్నాడు.

నేను అవునన్నట్టు తల ఊపాను. అలా ఊపిన తలంటే నాకే అసహ్యం వేసింది.

మూడు వారాలు వాళ్ళ వీధి వైపు వెళ్ళలేదు. నేను నోరు విప్పకపోతే ఆమె చేతికి ఇక కెమెరా రాదు. మట్టల ఆదివారం నాలుగు రోజులుందనగా, ఏమైతే అయిందని తాకేటా బస్సెక్కాను.

తలుపు తీసింది ఎమిలీ వదినే. బుగ్గలు బోసిగా ఉన్నాయి. వంటింటి గడప పక్కన తనాకా రాయి గోడకి ఆనించి ఉంది, తడి తగిలి చాలా రోజులైనట్టు తెల్లబారిపోయింది. వదిన టీ తెచ్చి పెట్టింది. ఆమె ఉండగానే హెరాల్డన్నకి మొత్తం చెప్పేశాను. కండువా సంగతీ, మచ్చలు చూసి కూడా దాచిన సంగతీ, ఏదీ మిగల్చలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆయన నవ్వేశాడు.

"ఓస్, దీనికేనా ఇంత బెంగ? పండగలో ఇలాటివి మామూలే. శుబ్రం చేయించేశాన్లే. మళ్ళీ కావాలంటే పట్టుకెళ్ళు."

అని నా భుజం తట్టాడు. ఒక్క నిమిషం పట్టలేదు నన్ను క్షమించడానికి.

వదిన వైపు చూడలేక చూశాను. ఆమె నన్ను చూడటం లేదు.

"పసుపని ఆరోజే సెప్పాను. పసుపు వాసన నాకు తెలీదా?" అంది ఆయనతో, మెల్లగా.

హెరాల్డన్న నవ్వు ఆగిపోయింది. గబగబా లోపలికెళ్ళి కెమెరా తెచ్చి, మట్టల ఆదివారం నువ్వే తియ్యమంటూ ఆమె ముందుకు చాపాడు.

"సేతులు తడిగున్నాయి" అంది వదిన. ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆమె చేతులు పొడిగానే ఉన్నాయి. అది ఆయనా చూశాడు, నేనూ చూశాను.