ఎనిమిది వేల మంది విన్న మాట

శనివారం సాయంత్రం నాలుగయ్యేసరికి ఎఫెమెనా తన గది తలుపు దగ్గరగా వేసుకుని ఫోన్ ముందు కూర్చునేవాడు. నైజీరియాలో వారీ పట్నాన్ని ఆనుకుని ఉన్న ఎఫురున్‌లోని ఒక ప్రింటింగు షాపులో చావు పోస్టర్లూ పెళ్ళి కార్డులూ తయారుచేయడం అతని పని. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి, పెళ్ళి కాలేదు. వారం మొత్తమ్మీద అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ముగ్గురో నలుగురో. శనివారం మాత్రం ‘శనివారం రచ్చ’లో ఎనిమిది వేల మంది అతని గొంతు కోసం ఎదురుచూసేవారు. లాగోస్ నుంచి ఎబితారి అనే ఆవిడ నడిపే ఆ ఆన్‌లైన్ చర్చలో ఎన్నికల దగ్గర్నుంచి కొత్త పాటల దాకా అన్నీ నలిగేవి. “వారీ మనిషి వచ్చాడు, ఇక కారం చల్లుతాడు, కళ్ళు మూసుకోండి!” అని ఆవిడ అనగానే అతని ప్రాణం లేచొచ్చేది.

ఆ వారం గొడవ జోలోవే గురించి. పెట్రోలు ధరల మీద పాటలు కట్టి కుర్రకారుకు దేవుడైన ఆ గాయకుడు, పోయి పోయి గవర్నరు ఎన్నికల సభలో పాడాడు.

“పాట అతని వృత్తి. వడ్రంగి కుర్చీ చేసేముందు అందులో ఎవరు కూర్చుంటారని అడుగుతాడా?” అన్నాడు కానో నుంచి ఒకాయన.

ఎఫెమెనా అందుకున్నాడు. “పాడినవాడొక్కడేనా? వెనకాల డ్రమ్ములు వాయించినవాళ్ళ మాటేమిటి? ఆకలి ఆకలి అంటారు. ఆకలేసిన కుక్క కూడా ముద్ద పెట్టే చెయ్యి ఎవరిదో వాసన చూస్తుంది. వీళ్ళు అదీ చూడలేదు!”

మాట సగంలో ఉండగానే అన్న గుర్తొచ్చాడు. జోలోవే బృందంలో డ్రమ్ములు వాయించేది అతని సొంత అన్న ఒనొరియోడె. కానీ అప్పటికే తెర నిండా నవ్వుల బొమ్మలు పొంగుతున్నాయి. ఆ ఊపులో ఆగలేకపోయాడు. అనాల్సింది పూర్తిగా అనేశాడు.

సోమవారానికల్లా ఆ మాటలు ఊళ్ళు తిరిగాయి. ఎవడో సభలో డ్రమ్ముల వీడియో తీసుకుని దానికి ఎఫెమెనా గొంతూ, కుక్క మొరుగుడూ కలిపాడు. బుధవారం మధ్యాహ్నం ఒనొరియోడె ఫోన్ చేశాడు.

“ఎఫె, ఆ గొంతు నీదేనా?”

“అన్నా, నేను నీ పేరెత్తలేదు...”

“ఆ బృందంలో డ్రమ్ములు వాయించేది నేనొక్కణ్ణేరా. బడిలో నా కూతుర్ని చూసి పిల్లలు మొరుగుతున్నారు.”

అంతే, పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

శుక్రవారం షాపుకు సెలవు పెట్టి ఎఫెమెనా అన్న ఉండే ఉఘెల్లి వెళ్ళాడు. వదిన రుకెవ్వె తలుపు తీసి, కర్రపెండలం పిండితో చేసిన స్టార్చ్ ముద్దా, పామాయిలు పళ్ళ బంగా పులుసూ తెచ్చి ముందు పెట్టింది. ఒనొరియోడె ఎదురుగా కూర్చుని డ్రమ్ము తోలు బిగిస్తున్నాడు. ఎవరో దూరపు బంధువు వచ్చినట్టు కూడా తలెత్తలేదు.

“తప్పయిపోయింది అన్నా. క్షమించు.”

అన్న తోలు బిగిస్తూనే అన్నాడు. “ఆ గవర్నరుకి నేను ఓటెయ్యనురా. నీకంటే నేనే ఎక్కువ తిట్టుకుంటాను. అడిగితే చెప్పేవాణ్ణి. కానీ నువ్వు నాతో మాట్లాడి నాలుగు నెలలైంది. వాళ్ళతో వారం వారం మాట్లాడతావు.” బిగింపు ఆపాడు. “అన్నది ఎనిమిది వేల మంది ముందు. క్షమించమనేది నా ఇంట్లో, నా చెవిలోనా?”

ఎఫెమెనా ముద్ద వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు నాలుగింటికి చర్చలో ఎబితారి అతన్ని పిలిచింది. “పోయిన వారం నేను కుక్కతో పోల్చిన డ్రమ్మరు మా అన్న. నా మాట తప్పు. పొట్టకూటి కోసం వాయించే చేతుల్ని అనే హక్కు నాకు లేదు,” అన్నాడు.

అందరూ విరుచుకుపడ్డారు.

“వారీకి కూడా గవర్నరు బియ్యం బస్తా చేరిందోచ్!”

“అమ్ముడుపోయినవాళ్ళందరికీ ఒక అన్న ఉంటాడు లెండి!”

ఎవరో మొరిగారు. ఒకరి వెనక ఒకరు అందుకున్నారు. “ఇంటి గొడవలు ఇంట్లో చూసుకో బాబూ, ఇక్కడ దేశం గురించి మాట్లాడుకుంటున్నాం,” అని ఎబితారి అతన్ని చర్చలోంచి తీసేసింది. పోయిన వారం అతని మాటకు పగలబడి నవ్వింది ఆవిడే.

అన్న విన్నాడో లేదో కనుక్కుందామని ఎఫెమెనా వదినకు ఫోన్ చేశాడు.

“విన్నాడు. అసాబాలో కచేరీ ఉంది, పొద్దున్నే బయల్దేరాల్సినవాడు నాలుగింటిదాకా ఆగాడు. విని, ఫోన్ నా చేతిలో పెట్టి, డ్రమ్ములు బండికెత్తించుకుని వెళ్ళాడు.”

“ఏమన్నా అన్నాడా వదినా?”

“నీ గొంతు బొంగురుపోయిందన్నాడు. జలుబు చేసిందేమో కనుక్కోమన్నాడు.”

“చేస్తాడంటావా, ఫోన్?”

“ఏమో ఎఫె. ఆయన సంగతి నీకు తెలియందా?”

వారం గడిచినా అన్న నుంచి ఫోన్ రాలేదు. శనివారం నాలుగైంది, చర్చ మొదలయ్యే వేళ. గదిలో ఉండబుద్ధి కాక ఎఫెమెనా రోడ్డెక్కాడు. మలుపు దగ్గర అరటికాయలు కాల్చి అమ్మే ఆవిడ బొగ్గులు విసురుతోంది. ఒకటి కొన్నాడు. అక్కడే నిలబడి తిన్నాడు. ఈసారి వానలు ముందే వచ్చేట్టున్నాయన్నాడు. ఔనందామె. కాలవ పూడిక తియ్యకపోతే నీళ్ళు షాపుల్లోకి వస్తాయన్నాడు. ప్రతి ఏడూ వస్తూనే ఉన్నాయిగా, అందామె. ఇక చెప్పడానికేం లేకపోయినా అతను కదల్లేదు. ఇంకోటి కాల్చమన్నాడు.