రసమట్టం వేలిముద్రలు

ఆ టైల్స్ మేస్త్రిని పేటలో అందరూ రసమట్టం అనే పిలిచేవాళ్ళు. నేల సమంగా ఉందో లేదో చూపించే బుడగ పనిముట్టు అది. ఎప్పుడూ అతని జేబులోనే ఉండేది. అత్తవారింటికి తొలిసారి వెళ్ళినప్పుడు కుర్చీ వేసి కూర్చోమంటే, కూర్చోకుండా ముందు మట్టం తీసి నేలమీద పెట్టి, "అరంగుళం వాలిందండీ" అన్న ఘనుడు. పిల్లనిచ్చిన మామ ఏడాదిపాటు మొహం ముడుచుకునే ఉన్నాడు.

అలాంటి మనిషికి నలభై నాలుగేళ్ళు దాటాక పరాయి దేశం వెళ్ళాలన్న పురుగు తొలిచింది. ఉద్యోగం ముందే దొరకక్కర్లేదట. పని తెలిసినవాడైతే చాలు, ఆర్నెల్లు ఉండి వెతుక్కోమని వీసా ఇస్తారట. నలభై అయిదు నిండితే మాత్రం దరఖాస్తు ముట్టుకోరు. మనవాడికి ఆ ముచ్చట నెల్లో తీరిపోతుంది.

డబ్బుకోసమా అంటే, అదీ కొంత ఉందనుకోండి. అసలు బాధ వేరు. ఇరవై రెండేళ్ళుగా ఎంత ప్రాణం పెట్టి పరిచినా ఇంటివాళ్ళు అనే మాట ఒకటే: "ఎవరు చూస్తారులే మేస్త్రీ, పైన మంచం వేసేస్తాం." ఆ మాట వింటే అతనికి ఒళ్ళు మండిపోయేది. ఆ దేశంలో పని పూర్తయ్యాక ఒక మనిషి వచ్చి, ప్రతి గదినీ యంత్రం పెట్టి కొలుస్తాడని ఎవరో చెప్పారు. చచ్చేలోగా ఒక్కసారైనా తన పనిని ఎవరో ఒకరు కొలిచి చూడాలి. అదొక్కటే అతని కోరిక.

పద్నాలుగు పేజీల దరఖాస్తు నింపింది తోడల్లుడు. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. కాగితం కనిపిస్తే చాలు, పూనకం వచ్చినట్టు రాసేస్తాడు. అర్థమైన గడిలో జవాబు రాశాడు, అర్థం కాని గడిలో "వర్తించదు" అని రాశాడు.

"ఈ పదకొండో పేజీలో ఏదో చాలా ఉంది బావా, ఒకసారి చదవరాదూ?" అంది మేస్త్రి భార్య.

"అదంతా మనకు వర్తించదు మరదలా" అని పేజీ మొత్తానికి అడ్డంగా ఒక గీత గీసి పారేశాడు.

వీసా కేంద్రంలో అన్నీ సజావుగానే సాగాయి, వేలిముద్రల దాకా. కౌంటరమ్మాయి చిన్న గాజుపెట్టె చూపించి, వేళ్ళు పెట్టమంది. మేస్త్రి పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది.

"గట్టిగా నొక్కండి సార్."

నొక్కాడు. మళ్ళీ ఎరుపే. పెట్టె పగులుతుందేమో అన్నంతగా నొక్కాడు. ఊహూఁ. ఇరవై రెండేళ్ళ సిమెంటు ఆ వేళ్ళమీది గీతలన్నీ తినేసింది. పది వేళ్ళూ గాజుగోళీల్లా నున్నగా ఉన్నాయి. యంత్రం లెక్కలో అక్కడ మనిషే లేడు.

వారం తర్వాత రమ్మన్నారు. వెళ్ళాడు. మళ్ళీ అదే తంతు. అప్పుడా అమ్మాయి జాలిపడి చెప్పింది. "పదిహేను రోజులు ఏ పనీ ముట్టుకోకండి సార్. కొత్త చర్మం వస్తే గీతలు పడతాయి. మూడోసారి కూడా పడకపోతే మాత్రం ఫైలు మూసేస్తారు."

"పని వెతుక్కోవడానికి వెళ్ళాలంటే ముందు పని మానేయాలా అమ్మా?"

"అంతే సార్."

ఇంటికొచ్చాక అసలు బాగోతం మొదలైంది. భార్య అతని రెండు చేతులకీ నూనె పట్టించి, తోడల్లుడి పాత సాక్సులు తొడిగి, మణికట్టు దగ్గర దారం కట్టేసింది. ఆ సాక్సుల కంపు సంగతి ఎత్తకపోవడమే మర్యాద.

"ఈ పదిహేను రోజులూ నువ్వు దేన్నైనా ముట్టుకున్నావో, నా అంత చెడ్డది లేదు" అంది.

"అన్నం ఎలా తినేది?"

"నోరుందిగా. తెరువు."

అలా నలభై నాలుగేళ్ళ మగాడు మూడు పూటలా నోరు తెరుచుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదటిరోజు సిగ్గుతో చచ్చిపోయాడు. రెండోరోజు, కూర తక్కువైందని నస పెట్టాడు. మూడోరోజుకల్లా పళ్ళెం చప్పుడు వినిపిస్తే నోరు దానంతటదే తెరుచుకునేది. ఫోను ముక్కుతో నొక్కడం నేర్చుకున్నాడు. ఒకసారి ముక్కు జారి, పాత యజమాని ఒకావిడకు వీడియో కాల్ వెళ్ళింది. పాపం ఆవిడ ఫోను నిండా ఒక ముక్కురంధ్రం చూసి కెవ్వుమంది. వీపు దురద పెడితే మాత్రం తలుపు చెక్కకేసి రుద్దుకోవాల్సిందే.

ఏడోరోజు పై వాటాలో బాత్రూముకు టైల్స్ వేయడం మొదలైంది. వేసేవాడు తొందర మేస్త్రి. పేరుకు తగ్గవాడే. టైలు వెనక నాలుగు మూలలా నాలుగు చెంచాల సిమెంటు, మధ్యలో ఒకటి వేసి, మిగతాదంతా ఖాళీగా వదిలి అంటించేస్తాడు. కింద మంచంమీద కూర్చుని ముద్దలు తింటున్న రసమట్టానికి పైనుంచి వచ్చే ప్రతి దెబ్బా గుండెకు తగిలేది.

"డొల్ల!" అన్నాడు పైకప్పు చూస్తూ. మళ్ళీ దెబ్బ పడింది. "ఇదీ డొల్లే! దేవుడా, అన్నీ డొల్లే!"

ఆగలేక మెట్లెక్కి పరిగెత్తాడు. చేతులకు సాక్సులు, నోట్లో సగం నమిలిన ముద్ద. గడ్డంతో ఒక టైలు చూపించి, కాలి బొటనవేలితో ఇంకోటి చూపించి, "తియ్యి! అది తియ్యి! ఇదీ తియ్యి!" అని కేకలు. తొందర మేస్త్రి తాపీ కింద పడేసి, "వదినా, మా అన్నకేదో అయింది, తొందరగా రా!" అని అరిచాడు. భార్య వచ్చి చొక్కా పట్టుకుని కిందికి లాక్కెళ్ళింది.

రోజూ పొద్దున్నే భూతద్దం పెట్టి వేళ్ళు చూడడం ఆమె పని. పదోరోజున "చూపుడువేలికి మూడు గీతలొచ్చాయ్!" అని వీధి వీధంతా వినబడేలా అరిచింది. ఇరుగుపొరుగు వచ్చి చూసి వెళ్ళారు. పన్నెండోరోజుకు తొమ్మిది వేళ్ళు దారికొచ్చాయి. కుడి బొటనవేలు ఒక్కటే మొండికేసింది. దాన్ని బుజ్జగించింది, తిట్టింది, రెండింతలు నూనె రాసింది. పద్నాలుగోరోజు సాయంత్రానికి అది కూడా కరుణించింది.

మర్నాడు ఇద్దరూ వీసా కేంద్రానికి వెళ్ళారు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ జేబు తడిమి, రసమట్టం బయటికి తీశాడు.

"ఏంటిది?"

"మట్టం బాబూ."

"లోపలికి ఇలాంటివి కుదరవు" అని బల్ల సొరుగులో పడేశాడు. మేస్త్రికి ఒంటిమీద చొక్కా లాగేసుకున్నట్టు అయింది.

లోపల కూర్చున్నాడో లేదో, మొదలైంది చప్పుడు. టక్కు. నీళ్ళ డబ్బాకు వెళ్ళే దారిలో ఒక టైలు కదులుతోంది. ఎవరు తొక్కినా టక్కు. మేస్త్రి కణతలు నొక్కుకోబోయాడు. భార్య ఆ చేతుల్ని లాగి తన ఒళ్ళో పెట్టుకుని, పైన సంచీ పెట్టి, దానిమీద మోచేతులు ఆనించి కూర్చుంది.

"నాకూ వినబడుతోంది. కళ్ళు మూసుకో."

"చెవులు ఎలా మూసుకోను?"

నెంబరు పిలిచారు. సాక్సులు విప్పారు. చూపుడువేలు పచ్చ. మధ్యవేలు పచ్చ. ఒక్కొక్కటే పచ్చ, పచ్చ, పచ్చ. కుడి బొటనవేలు దగ్గర ఒకసారి ఎరుపు వెలిగి, ముగ్గురి ప్రాణాలూ పైకి పోయి, మళ్ళీ పచ్చబడింది. పదీ!

"అయిపోయింది సార్. ఐదు నిమిషాలు కూర్చోండి, రసీదు ఇస్తాను" అంది కౌంటరమ్మాయి. భార్య ఆనందం పట్టలేక, అక్కకు ఫోన్ చేయడానికి బయటికి పరిగెత్తింది.

కౌంటర్ల లెక్కలో ఐదు నిమిషాలంటే ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలో ఒక ముసలాయన ఫైలు పట్టుకుని నీళ్ళకోసం వెళ్ళాడు. టైలు టక్కుమంది, ఆయన తూలాడు, కాగితాలన్నీ గాల్లో ఎగిరాయి. మేస్త్రి ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టి, కాగితాలు ఏరిచ్చి, ఆ టైలువంక చూశాడు. తర్వాత తన చేతులవంక చూశాడు. పదీ ఇచ్చేశాను కదా అనుకున్నాడు.

మెట్ల పక్కన గోడ మరమ్మతు జరుగుతోంది. అక్కడ చారెడు సిమెంటు, గుప్పెడు ఇసుక, ఒక తాపీ అడిగి తెచ్చుకున్నాడు. మోకాళ్ళమీద కూర్చుని టైలు లేపితే, కింద పాత సిమెంటు గడ్డ ఒకటి కొండలా కూర్చుని ఉంది. దాన్ని ఊడగొట్టి, మిగిలిన ముక్కల్ని వేళ్ళతోనే గీకి, అంచులు అరిచేత్తో రుద్ది, పొడిపొడిగా కలిపిన సిమెంటు పరిచి, టైలు దించి, రబ్బరు సుత్తి లేదు కనక చెప్పు మడమతో తట్టాడు. మట్టం లేదు కనక ఒక్క గుక్క మాత్రం తాగిన నీళ్ళ సీసాను అడ్డంగా పడుకోబెట్టి, అందులో గాలిబుడగ ఎక్కడ నిలిచిందో చూశాడు. నడిమధ్యలో. పదిహేను రోజుల తర్వాత అతనికి ఊపిరి సరిగ్గా ఆడింది.

"సార్!" కౌంటరమ్మాయి గొంతు. "సారీ సార్, సర్వర్ పడిపోయింది. మీ వేలిముద్రలు ఎక్కలేదు. ఒక్కసారి మళ్ళీ పెట్టండి."

మేస్త్రి చేతులు చూసుకున్నాడు. లేతచర్మం, పచ్చి సిమెంటు. ఇంకేముంది! పరిగెత్తి వెళ్ళి కడుక్కున్నాడు. గాజుపెట్టెమీద పెట్టాడు. ఎరుపు. ఎరుపు. పదికి పదీ ఎరుపు.

అప్పుడే భార్య లోపలికొచ్చింది. ఎర్రదీపం చూసింది. తాపీ చూసింది. మొగుడి మోకాళ్ళమీది సిమెంటు చూసింది.

"పదిహేను రోజులయ్యా!" అంది. "నోట్లో పెట్టి పెంచానే ఆ వేళ్ళని! ముప్పావుగంట ఆగలేకపోయావా?"

"ఆయన పడిపోబోయాడే" అన్నాడు మేస్త్రి. ఫైలు మూసేస్తారు. వారం తిరిగితే నలభై అయిదు. తన పని కొలిచేవాడు ఇక ఈ జన్మకు లేడు. అతనికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కౌంటరమ్మాయి లోపలికెళ్ళి మేనేజర్ని పిలుచుకొచ్చింది. ఆయన విసుగ్గా గబగబా వస్తూ ఆ టైలుమీద కాలు పెట్టి ఆగిపోయాడు. వెనక్కెళ్ళాడు. మళ్ళీ తొక్కాడు. చప్పుడు లేదు.

"మెల్లిగా సార్, ఇంకా ఆరలేదు!" అని అరిచాడు మేస్త్రి, ఏడుస్తూనే.

"మూడేళ్ళుగా నా తల తినేసింది ఇది" అన్నాడు మేనేజర్. "నలుగురు వచ్చి బాగుచేసి వెళ్ళారు, నలుగురూ దండగ. ఎవరు చేశారిప్పుడు?"

భార్య వేలెత్తి మొగుణ్ణి చూపించింది, దొంగను పట్టించినట్టు.

మేనేజర్ దరఖాస్తు తెప్పించి తిరగేశాడు. పదకొండో పేజీ దగ్గర ఆగి, "ఇదేంటి, అడ్డంగా కొట్టేశారు?" అన్నాడు. పైకి చదివాడు కూడా. "వృత్తి కారణంగా వేలిముద్రలు అరిగిపోయినవారికి మినహాయింపు కలదు. అధికారి వారి పనిని స్వయంగా చూసి, పరీక్షించి సంతకం చేయవలెను."

భార్య వంగి ఆ పేజీలోకి తొంగిచూసింది.

"అంటే ఇది మొదటిరోజునుంచీ ఉందా?" అంది భార్య.

"ఉందమ్మా. మీరే వర్తించదని కొట్టేశారు. కొట్టేసిన పేజీ కంప్యూటర్లోకి ఎక్కదు, ఈ అమ్మాయికి కనబడదు."

"బావా!" అంది ఆమె పళ్ళు నూరుతూ. ఆ సమయంలో ఆఫీసులో టీ తాగుతున్న తోడల్లుడికి పొలమారే ఉంటుంది.

మేనేజర్ కలం తీసి, మళ్ళీ ఆలోచించి, "పరీక్షించి అని ఉంది కదా. ఎలా పరీక్షించాలి?" అన్నాడు.

సెక్యూరిటీ సొరుగులోంచి రసమట్టం వచ్చింది. పాంటు నలుగుతుందని కూడా చూసుకోకుండా మేనేజర్ మోకాళ్ళమీద కూర్చుని, మట్టాన్ని టైలుమీద నిలువునా పెట్టాడు, అడ్డంగా పెట్టాడు, మూలకు పెట్టాడు. మూడుసార్లూ బుడగ నడిమధ్యలోనే నిలిచింది.

"వెంట్రుకవాసి కూడా తేడా లేదండీ" అన్నాడు మేనేజర్.

మేస్త్రి ఇంకోసారి ఏడ్చాడు. ఆయన సంతకం చేసి, ముద్ర కొట్టి, మూడు వారాల్లో వీసా ఇంటికొస్తుందని, ఇక ఏ ఇబ్బందీ లేదని చెప్పి పంపాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. భార్య పళ్ళెం తెచ్చి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. పళ్ళెం చప్పుడు కాగానే మేస్త్రి నోరు దానంతటదే తెరుచుకుంది.

"సిగ్గులేదూ? చేతులు పడిపోయాయా?" అంది.

మేస్త్రి గతుక్కుమని నోరు మూసుకుని చెయ్యి చాచాడు. లేతచర్మం చీరుకుపోయిన ఆ వేళ్ళ సందుల్లో సిమెంటు ఇంకా అంటుకునే ఉంది. ఆమె ఆ చేతిని పక్కకు నెట్టేసి, ముద్ద కలిపి నోటికి అందించింది.

"కొలవాలి కొలవాలన్నావు. ఇవాళ కొలిచారుగా" అంది, ఎటో చూస్తూ. "అక్కడ ఎవరు పెడతారయ్యా నీకు?"

మేస్త్రి నోట్లో ముద్దతోనే ఏదో చెప్పబోయాడు. ఆమె రెండో ముద్ద పెట్టేసింది.