టాపు మీద ఊరగాయ

నేను ఒక చిల్లును. ముఖం చిట్లించకండి. భీమిలిలో నూకరాజు కారు టాపు మీద సామాన్ల క్యారియర్‌ను పట్టి ఉంచే నాలుగు బోల్టు చిల్లుల్లో ముందు ఎడమవైపుది నేనే. కారుకి పేరూ నంబరూ ఉన్నాయి. నాకు ఒక బోల్టు ఉంది. అదే నా సంసారం.

నేను పుట్టడానికి అర నిమిషం పట్టింది. కారు పాత యజమాని పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. నిచ్చెనలు మోయడానికి క్యారియర్ కావాలని టాపుకి డ్రిల్లు వేయించాడు. కోసిన రేకు అంచుకి తుప్పు పట్టకుండా రంగు పూద్దామని డ్రిల్లువాడంటే, "పైన ఎవడు చూస్తాడు?" అన్నాడు. కారు పక్కలు మాత్రం తళతళ మెరిపించి నూకరాజుకి అంటగట్టాడు.

నూకరాజు భార్య బంగారమ్మది ఎండుచేపల వ్యాపారం. వారానికి రెండు సంతలు, క్యారియర్ మీద పన్నెండు గంపలు. గంపల్లోంచి రాలిన ఉప్పంతా మంచుకి కరిగి నా నోట్లోకే దిగేది. మనుషులు తిని లావెక్కుతారు. నేను మాత్రం తుప్పు నన్ను తిన్నకొద్దీ లావెక్కాను. నాలో బోల్టు లొడలొడలాడడం మొదలైంది.

క్యారియర్ ఊగుతోందని నూకరాజు కనిపెట్టాడు. కారణం కూడా ఆయనే కనిపెట్టాడు: దిష్టి! వీధిలో అందరి కళ్లూ ఆ గంపల మీదే ఉన్నాయట. ఇక ప్రతి శుక్రవారం నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, నాలుగు బోల్టుల మీదా పిండేవాడు. ఉప్పుకి పులుపు తోడయ్యేసరికి తుప్పుకి ఆకలి రెట్టింపైంది. నేను ఇంకా వదులయ్యాను. ఆయన ఇంకా నిమ్మకాయలు తెచ్చాడు. ఇంత భక్తిగా ఎవరినైనా చంపడం నేనెక్కడా చూడలేదు.

చివరికి సంతకి వెళ్తుంటే ఒక మలుపులో నా బోల్టు ఊడిపోయింది. క్యారియర్ ముందు మూల గాల్లోకి లేచింది. వెనకే బడిపిల్లల ఆటో. నాకు భయమేసింది. పట్టుకుందామంటే అంచు మిగిలితే కదా! మిగతా మూడూ ఎలాగో ఆపాయి. రెండు గంపలు మాత్రం రోడ్డున పడ్డాయి. ఆటో కీచుమంటూ వాటి ముందు ఆగింది.

బంగారమ్మ కారు దిగి చేపల వంక చూడనే లేదు. ఆటోలో బిక్కచచ్చిన పిల్లల్ని చూసింది.

"ఏటయ్యా, ఈ పిల్లల మీద పడిపోయుంటే ఏటి సేద్దువు?"

"దిష్టి తగలకుండానే గదే నిమ్మకాయలు పిండింది..."

"ఆ నిమ్మకాయలు ఇంక పప్పులోకి. బండి సెడ్డుకి పోనీ."

షెడ్డులో మెకానిక్ పైడిరాజు క్యారియర్ విప్పి, నాలో వేలు పెట్టి తిప్పాడు. వాసన చూశాడు.

"ఉప్పు, పులుపు, పైన ఎర్రగా ఇదొకటి. ఇదేటి బాబూ, టాపు మీద ఊరగాయెట్టినావా?"

పైడిరాజు మిగతా మూడింటినీ తుప్పు పోయేదాకా గీకి, మళ్లీ పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు పూసి, గ్రీజు రాసి, రబ్బరు వాషర్లతో కొత్త బోల్టులు బిగించాడు. ఒక్క పూట పని. ఇంతకాలం ఎవరికీ కుదరని పూట.

నా దగ్గరికొచ్చి పెదవి విరిచాడు. "ఇది పనికిరాదు. మూసేసి పక్కన కొత్తదెయ్యాల."

చిల్లుకి చావంటే పూడిపోవడమే. ఏడుపొచ్చింది, నిజమే. కానీ ఆ ఆటో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. తర్వాత వెల్డింగుతో ఎలాగూ మూసి, పక్కన కొత్తది వేశారనుకోండి. మిగతాదంతా ఆ అతుకు కిందనుంచే చూశాను.

క్యారియర్ బిగించాక బంగారమ్మ కడ్డీ పట్టుకుని, రెండు కాళ్లూ ఎత్తి వేలాడింది. కదల్లేదు. "నువ్వూ ఏలాడు," అంది మొగుడితో. నూకరాజు కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.

"అమ్మోర్ని ఒగ్గెయ్. కడ్డీ పట్టుకో!"