టైరు మీది బాణం

శుక్రవారం పొద్దున మా ఇంట్లో బొట్టు మొదట దేవుడికి, తర్వాత గడపకు, ఆ తర్వాత కారు టైర్లకు. నా నుదుటి వంతు వచ్చేసరికి స్టవ్ మీద పాలు పొంగుతుంటాయి.

ఎర్ర కారు. పొట్టిగా, నేలకు ఆనుకున్నట్టు, వెనక చిన్న రెక్కతో ఉంటుంది. మా ఆయన వేణుమాధవ్ ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతారు. మేడంత బండిని ఎనిమిది గంటలు మెల్లగా ఎక్కించి, మెల్లగా దించి వస్తారు. "పొద్దంత తాబేలు మీద కూసున్నట్టే జమునా, డ్యూటీ దిగినంక నాకు ఉరికే బండి గావాలె" అని మూడేళ్ల కింద దాన్ని కొన్నారు. పాతదే, కానీ ఉరికేదే. అది వచ్చిన రోజే క్వార్టర్ ముందు రేకుల షెడ్డు వేశారు. షెడ్డుకు అడ్డమని నా తులసికోటను స్నానాల గది వెనక్కి జరిపారు. నేను ముఖం చిన్నబుచ్చుకుంటే మా అత్త సారవ్వ, "చెట్టుకేమైతదే, ఇన్ని నీళ్లు పోస్తే యాడనన్న బతుకుతది" అన్నది. ఆ మాట తులసి గురించే అన్నదని చాలా రోజులు నమ్మాను.

ఇనుప వస్తువు మీద ఆడదానికి అసూయ ఏమిటని ఎవరైనా నవ్వవచ్చు. నేనూ నన్ను చూసి నవ్వుకున్నాను. కానీ మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ అయ్యాక బొగ్గు దుమ్ము వచ్చి అన్నిటి మీదా పడుతుంది కదా, ఆరేసిన బట్టల మీద, వడియాల మీద, కారు మీద. ఆయన డ్యూటీ నుంచి వచ్చి కారునే తుడుస్తారు, అదీ నా మెత్తటి పాత చీర ముక్కతో. అద్దం, డోరు, బానెట్, చివరికి టైర్లు. ఒక్కో టైరు మీద అరచెయ్యి పెట్టి నిమురుతారు, ఎక్కడన్నా కోసుకుందా, ఉబ్బిందా అని. చలికాలంలో నా మడమలు పగిలి నెత్తురు వచ్చేవి. ఆ రోజుల్లో ఆయన వంగి టైరును నిమురుతుంటే, వాకిట్లో చీపురు పట్టుకొని చూస్తూ నిలబడేదాన్ని. పాదాలు చీర కుచ్చెళ్ల కిందికి దాచుకునేదాన్ని. ఎవరు చూస్తారని దాచుకున్నానో నాకే తెలియదు.

రెండేళ్ల కింద నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. దవాఖాన మంచం మీద పడుకొని, లేచి తిరిగితే కాళేశ్వరం వచ్చి అభిషేకం చేయిస్తానని ముక్తీశ్వరస్వామికి మొక్కుకున్నాను. లేచాను, తిరిగాను, చాకిరీ మొదలుపెట్టాను. మొక్కు మాత్రం మిగిలిపోయింది. అడిగినప్పుడల్లా ఆయన, "మంథని దాటినంక రోడ్డు మంచిగలేదు. ఈ టైర్లు గుంతలకు ఆగయి, పక్కలు ఉబ్బుతయి" అనేవారు. మళ్లీ అడిగితే, "బస్సుకు పోరాదు? ఆడోళ్లకు ఫ్రీయేనాయె. ఆధార్ కార్డు చూపిస్తే అయిపోతది" అని టీవీ వైపు తిరిగేవారు. బస్సు ఎక్కలేక కాదు. ఎన్నోసార్లు ఎక్కాను. ఆ దారికి కారు తియ్యనన్నారు కాబట్టి కారులోనే వెళ్లాలని పట్టుదల పెరిగింది. దేవుడి మొక్కులోకి ఇట్లాంటి పంతం తేవచ్చా అని దీపం ముందు చాలాసార్లు అడిగాను. స్వామి ఔననలేదు, కాదనలేదు.

మొన్న మే నెలలో పాత టైర్లు అరిగాయి. నెల రోజులు ఆయనకు అదే ధ్యాస. అన్నం తింటూ ఫోన్లో టైర్ల వీడియోలు చూసేవారు. పప్పులో ఉప్పు మరిచిన రోజు కూడా గమనించలేదు. చివరికి ఒక ఆదివారం చౌరస్తా దాటినాక ఉన్న ముష్తాక్ భాయ్ టైర్ల దుకాణానికి వెళ్లాం. దారిలో కూరగాయలు తీసుకోవాలని నేనూ ఎక్కాను. నడుము నొప్పి వచ్చినప్పటి నుంచి ముష్తాక్ భాయ్ ఇంట్లోనే ఉంటున్నాడు. దుకాణం ఆయన బిడ్డ సుమయ్యా చూస్తోంది. ముప్పై ఏళ్లుంటాయి. తలకు దుపట్టా గట్టిగా చుట్టుకొని, చేతులకు నల్లటి గ్లౌజులు వేసుకొని, టైరును నేల మీద బంతిలా దొర్లిస్తూ వచ్చింది.

"బండి ఎక్కువ ఎటు తిప్పుతరన్నా?" అని అడిగింది.

"హైదరాబాద్ రోడ్డే. నూరు దాటినా గట్టిగ పట్టుకోవాలె."

కాళేశ్వరం అనాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు.

సుమయ్యా రెండు టైర్లు పక్కపక్కన నిలబెట్టింది. "గిది మెత్త రబ్బరన్నా. రోడ్డును మస్తు పట్టుకుంటది, మూలమలుపుల కూడ జారది. కానీ జల్ది అరుగుతది, గుంతలు ఓర్సుకోదు. గిది పట్టు జర తక్కువ, పక్కలు గట్టియి. ఏ రోడ్డుకన్న పోవచ్చు."

ఆయన మోకాళ్ల మీద కూర్చొని రెండింటినీ నొక్కి చూశారు, గీతలు వేలితో కొలిచారు, వాసన కూడా చూశారు. "నువ్వేమంటవ్ సుమయ్యా?" అన్నారు. ఆమె చెప్పింది. కాసేపటికి మళ్లీ, "వానకాలం ఏది నయం? నువ్వైతే ఏది ఏసుకుంటవ్?" అన్నారు. ఆమె చెబుతుంటే తల ఊపుతూ, మధ్యలో అడ్డురాకుండా విన్నారు.

నేను ప్లాస్టిక్ కుర్చీలో బెండకాయల సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. గుండెలో సన్నగా మంట మొదలైంది. ఆ పిల్ల వయసు చూసి కాదు, ముఖం చూసి కాదు. ఆయన చూపులోనూ తప్పేమీ లేదు. నాకు కుళ్లు పుట్టింది ఆ ప్రశ్న మీద. నువ్వేమంటవ్. ఇరవై ఒక్క ఏళ్ల కాపురంలో ఆ మాట నా వైపు ఒక్కసారి వచ్చి ఉంటే గుర్తుండేది. హాస్టల్లో ఉన్న మా పిల్లవాడి చదువు, షెడ్డు, తులసికోట, చివరికి నా కడుపు కోయించడం కూడా డాక్టరూ ఆయనా మాట్లాడుకొని నాకు తారీఖు చెప్పారు.

సుమయ్యా ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "అక్కేమంటది?"

ఆయన పెద్దగా నవ్వారు. "ఆమెకేమెరుక? ఆమెకు టైరంటే బొట్టు పెట్టే జాగ."

దుకాణంలో ఉన్న ఇద్దరు గిరాకులు కూడా నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. నా నవ్వే ఇప్పటికీ మింగుడు పడదు.

సుమయ్యా మాత్రం నవ్వలేదు. ఆయన మెత్త టైర్లే ఖాయం చేశారు. బిగించడం అయ్యాక ఆమె నన్ను పిలిచింది. "అక్కా, బొట్టు పెట్టేటప్పుడు గిది సూడుండ్రి. టైరు పక్కకు గీ బాణం గుర్తు ఉన్నది గదా, రెండు మూడు తావుల ఉంటది. పైన ఉన్న బాణం బండి ముంగటికి సూడాలె. గట్లుంటేనే వాన నీళ్లను బయటికి ఎల్లగొడ్తది. ఉల్టా ఐతే నీళ్లు కిందనే ఆగి బండి జారుతది." ఆయన అప్పుడు దోస్తులకు పంపడానికి ఫోటోలు తీస్తున్నారు. బిల్లు రాస్తూ ఆమె, "బండి ఎవరెవరు నడుపుతరు?" అని అడిగితే, "నేనొక్కన్నే" అన్నారు. ఫోన్ నంబరు మాత్రం నాది రాయించారు. గనిలో ఉన్నప్పుడు ఆయన ఫోన్ ఎత్తరు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం పైన ఉన్న బాణం మొన మీదే బొట్టు పెట్టాను. నాలుగు టైర్లకు నాలుగు బాణాలు. కారు మీద అసూయ పోలేదు గానీ, దాని గురించి నాకూ ఒక సంగతి తెలుసన్న చిన్న గర్వం వచ్చింది.

శ్రావణమాసం వచ్చింది, వానలు పట్టుకున్నాయి. ఒక గురువారం ఆయనా, పక్క క్వార్టర్ పోశం అన్నా జాకీ పెట్టి నాలుగు టైర్లు విప్పారు. పోశం అన్న కూడా డంపర్ ఆపరేటరే. "డంపర్ టైర్లు గిట్లనే జాగలు మారుస్తరు. ఎడమయి కుడికి, కుడియి ఎడమకు ఏస్తే సమానంగ అరుగుతయి" అని చెప్పుకుంటూ బిగించారు. నేను రెండుసార్లు చాయ్ ఇచ్చాను. మర్నాడు పొద్దున ఇద్దరూ హైదరాబాద్ వెళ్లాలి, పోశం అన్న బామ్మర్ది గృహప్రవేశానికి.

శుక్రవారం పొద్దున కుంకుమ భరిణె పట్టుకొని వంగాను. పైన ఉన్న బాణం నా ఇంటి గడప వైపు చూస్తోంది. కారు ముఖం రోడ్డు వైపు ఉంది. కళ్లు నులుముకొని రెండో టైరు, మూడోది, నాలుగోది చూశాను. అన్నీ వెనక్కే చూస్తున్నాయి.

సన్నగా వాన పడుతోంది. అప్పుడు నా మనసులోకి వచ్చిన మాట రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తాను. ఊరుకో జమునా అనిపించింది. ఆమెకేమెరుక అన్నారు కదా, ఎరుక లేనట్టే ఉండు. కాస్త జారనీ, నిమిరి నిమిరి పెంచుకున్నది ఆయన్నే ఒకసారి భయపెట్టనీ. ఆ మాట నాలో ఎంతసేపు ఉందో తెలియదు. చేతిలోని కుంకుమ తడిసి వేళ్లకు అంటుకుంది. లోపలికి వెళ్లి దీపం ముందు చెంపలు వేసుకున్నాను. అసూయ ఇంత దూరం తీసుకొస్తుందా స్వామీ అని ఏడ్చి, ముఖం కడుక్కొని బయటికి వచ్చాను.

ఆయన షూ వేసుకుంటున్నారు. "టైర్లు ఉల్టా పడ్డయి. బాణాలు ఎనుకకు సూస్తున్నయి. వానల జారుతది" అన్నాను.

"ఏందే, ఇరవై ఏండ్ల సంది టైర్ల మీద బతుకుతున్నోనికి నువ్వు చెప్తవా? నిమ్మకాయలు పెట్టుపో, టైమైతాంది."

మా బొగ్గు గనుల బెల్టులో బండి మీద బతికేవాళ్లకు కొన్ని పట్టింపులుంటాయి. ఆయన స్టీరింగ్‌కు మొక్కనిదే డంపర్ స్టార్ట్ చేయరు. దూర ప్రయాణమైతే నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పడాలి, అవీ ఇంటి ఆడమనిషి చేత్తో పెట్టినవే. ఒకసారి నేను పుట్టింట్లో ఉన్నానని అట్లాగే వెళ్లి, సిద్దిపేట దగ్గర అద్దం పగలగొట్టుకొని వచ్చారు. అప్పటి నుంచి మరీ భయం.

నిమ్మకాయలు నా కొంగులోనే ఉన్నాయి. "పెట్టను" అన్నాను.

"ఏంది?"

"బాణాలు ముంగటికి తిరిగినంక పెడ్త."

లోపల మంచం మీది నుంచి మా అత్త, "పయనం కాడ ఆడిది అడ్డం తిరుగుడేందిరా!" అని అరిచింది. ఆయన నా వైపు చూశారు. అరుస్తారనుకున్నాను. చూపు నా కొంగు మీద, మూట మీద ఆగింది. "నీ మాట మీద గాదు, ఆ పిల్లను అడిగొస్త. చౌరస్తా దాకనే గదా, నిమ్మకాయలు అక్కర్లేదు" అని విసురుగా కారెక్కి మెల్లగా వెళ్లారు.

గంటకు తిరిగి వచ్చారు. నేను వంగి చూశాను. నాలుగు బాణాలూ రోడ్డు వైపే ఉన్నాయి. అంతలో నా ఫోన్ మోగింది.

"అక్కా, సుమయ్యాను. అన్న పానా ఈడనే మర్సిపోయిండు. చెప్పుండ్రి." స్పీకర్ ఆన్ అయి ఉంది. ఆమె నవ్వుతూ అన్నది, "అన్న మస్తు హుషారక్కా. బాణం ఉల్టా ఉన్నదని తనే కనిపెట్టిండట. గంత ధ్యానంగ ఎవరు సూస్తరు? మా అబ్బాకు గూడ చెప్పిన."

ఆయన తల వంచుకొని షూ లేసు కట్టుకుంటున్నారు. అది అంతకుముందే కట్టి ఉంది.

నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. దుకాణంలో అందరితో పాటు నవ్విన నా నవ్వు గుర్తొచ్చింది. ఇప్పుడు కూడా ఊరుకుంటే, అది మళ్లీ అదే నవ్వు.

"ఆయన కాదు సుమయ్యా," అన్నాను. "కనిపెట్టింది నేను."

వాన చప్పుడు రేకుల మీద.

"గట్లనా అక్కా!" అని ఆమె గొంతు ఒక్కసారి పెద్దదైంది. "అయితే మీరు గూడ నడుపుతరా బండి?"

కొంగు మూట విప్పి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు ఒక్కొక్కటే సర్ది, లేచి నిలబడి, ఆయనకు కూడా వినబడేటట్టు చెప్పాను.

"ఇంకా లేదు. నేర్సుకొని కాళేశ్వరం పోత. ఆ రోడ్డుకు ఏ టైర్లు మంచియో జర చూసిపెట్టు."