బ్రేకు మీద కాలు

నూర్ బాషా కారు నడిరోడ్డు మీద, పురుగు కూడా లేనిచోట, ఉన్నట్టుండి ఆగిపోతుందట. ఆయన దిగి, ముందు చక్రాల కిందికి వంగి చూసి, ఏమీ లేదని తేలాక మళ్లీ ఎక్కుతాడట. ఈ సంగతి పక్క విల్లాలో పనిచేసే హసన్‌బీ కళ్లారా చూసింది కాదు. వాళ్లింటి డ్రైవరు చూసి ఆమెకు చెప్పాడు. ఆమె దానికి ఉప్పూకారం దట్టించి ఎదురింటి కుల్సుమ్ బీకి వడ్డించింది. కుల్సుమ్ బీ చెత్త సంచి పడేసే వంకతో వచ్చి, గేటు దగ్గర దిల్షాద్ బీ చెవిన వేసింది.

"నా మాట కాదక్కా, హసన్‌బీ మాట. మీ ఆయప్పకు జిన్ను పట్టిందంట. యెడారిలో తొక్కగూడనిదేదో తొక్కినాడంట."

"జిన్ను పట్టినా దాంతో రెండు మాటలు మాట్లాడల్ల గదమ్మే. తొమ్మిదేండ్లుగా ఒకే గదిలో ఉండే నాతోనే మాట్లాడడు. పాపం ఆ జిన్ను యేం సుఖపడుతుంది?"

కుల్సుమ్ బీ నవ్వుకుంటూ పోయింది. దిల్షాద్ బీ నవ్వు మాత్రం గేటు దగ్గరే ఆగిపోయింది, లోపలికి రాలేదు.

మిష్రిఫ్‌లోని ఆ విల్లాలో ఆమె వంటమనిషి. మొగుడు నూర్ బాషా అదే ఇంట్లో డ్రైవరు. కారు షెడ్డు మీద గది వాళ్లది. రాయచోటి పక్క పల్లె నుంచి ఆయన వచ్చి పాతికేళ్లు దాటింది. ఆమె మాత్రం కూతురు ఫర్హానా పెళ్లి చేసి పంపాక వచ్చింది. ఈ జిన్ను కథ మామా దాకా పోతే ఇద్దరి పనీ ఒక్కసారే పోతుంది. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్లంతా మామా అనే అంటారు.

కథ అప్పటికే మామా దాకా పోయింది. మర్నాడు కాఫీ తీసుకెళితే, ఆమె జపమాల తిప్పుతూ, సగం అరబ్బీ సగం ఉర్దూలో అడిగింది.

"నీ మొగుడి కారు ఊరికే ఆగుతుందటగా?"

దిల్షాద్ బీ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, ఏదో చెప్పబోయింది.

"నా మనవలు ఎక్కే బండి అది. ఆగనివాడికంటే ఊరికే ఆగేవాడే మేలు. ఖలాస్, పో."

మామా కూర్చునే సోఫా పైన ఒక పడుచువాడి ఫోటో ఉంటుంది. తొంభైలో ఇరాక్ సైన్యం ఈ దేశంలో పడ్డప్పుడు పట్టుకుపోయిన తమ్ముడు. మనిషీ రాలేదు, ఎముకా రాలేదు. విముక్తి దినం నాడు మామా మేడ మీద రెండు జెండాలు కట్టిస్తుంది, తమదొకటి, అమెరికా వాళ్లదొకటి. వాళ్లు రాకపోయుంటే మేమంతా ఆ ఫోటోలమే అంటుంది. మొదటి జెండా నూర్ బాషా కడతాడు. రెండోది కట్టమంటే నడుం నొప్పి అంటాడు. ఏటా అదే రోజు, అదే నొప్పి.

దిల్షాద్ బీ ఆ నొప్పి గురించి ఎన్నడూ అడగలేదు. ఆయన వింతలు అన్నీ ఇన్నీ కావు. మసీదు దగ్గరగానీ, ఇంటి గుమ్మంలోగానీ చెప్పు ఒంటరిగా కనబడితే ఆయన కాలు ముందుకు సాగదు. దాని జత వెతికి, రెండూ పక్కపక్కన పెట్టి గానీ కదలడు. ఒకసారి నమాజుకు ఆలస్యమైనా సరే, ఎవడిదో తెగిన చెప్పుకు జత వెతుకుతూ ఎండలో పావుగంట తిరిగాడు. మనుషుల్లో ఇట్లాంటి ఒంకర్లు ఉంటాయిలే అనుకుని ఆమె సరిపెట్టుకుంది.

సరిపెట్టుకోలేనిది శుక్రవారం వచ్చింది.

ఆమె చెల్లెలి కొడుకు నవీద్ పాల వ్యాను తోలే కంపెనీ మూతపడింది. పదిహేను రోజుల్లో పూచీపడే ఇంకో యజమాని, అంటే కఫీల్, కిందికి మారకపోతే ఈ దేశంలో ఉండే అనుమతి, ఇఖామా, రద్దయి ఇంటిదారి పట్టాలి. అతను సల్వాలో స్నేహితుల గది నుంచి బస్సెక్కి వచ్చి, బిర్యానీ ముందు కూర్చుని కూడా చెయ్యి కడుక్కోకుండా పెద్దమ్మ మొగుడి వైపు తిరిగాడు.

"ఖాలూ, అమెరికా క్యాంపుకు లోడ్లు తోలేదానికి ఒక కంపెనీ డ్రైవర్లను తీసుకుంటాంది. ఇఖామా వాళ్లే మారుస్తారంట. హవల్లీలో ఆఫీసు. నువ్వు అప్పట్లో వాళ్లకు తోలినావు గదా, వాళ్లు ఇచ్చిన కాగితం ఉందంట గదా గద్ద బొమ్మతో. ఇంటోళ్లకు అట్లాంటి కాగితం ఉంటే ముందర పిలుస్తారంట."

నూర్ బాషా ముద్ద నమలడం ఆపలేదు. "లేదు. చింపేసినా."

"చింపేసినావా! అమెరికావోళ్ల కాగితాన్నా?"

"ఊ."

"ఇప్పుడు అప్పటి మాదిరి యుద్ధం లేదు ఖాలూ. వాళ్లు పోతాం పోతాం అనే అంటాండారు."

"పోతామనే వచ్చినార్రా ఆ పొద్దు గూడా. చుట్టపుచూపుగా వచ్చినోడు ముప్పై ఏండ్లుండి చుట్టూ గోడ కట్టుకుంటే, వాణ్ని చుట్టమంటావా, ఇంటాయన అంటావా?" అని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. దిల్షాద్ బీ ఎరిగినంతలో ఆయన ఒక్క గుక్కలో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

ఆమెకు ఒళ్లు మండింది. కాగితం చింపలేదని ఆమెకు తెలుసు. మంచం కింది పాత సూట్‌కేసులో ఉందని గది సర్దేటప్పుడల్లా అనుకుంటూనే ఉంది. ఆ పెట్టెకు తాళం లేదు, తాడు మూడు చుట్లు చుట్టి ఉంటుంది. ఇన్నేళ్లలో ఆమె విప్పలేదు. చెల్లెలి ముఖం గుర్తొచ్చింది. మగవాళ్ల మొండితనానికి ఆడవాళ్ల బిడ్డలు బలి కావాలా? ఆయన కారు కడగడానికి దిగగానే విప్పింది.

కాగితం పైనే ఉంది, ప్లాస్టిక్ కవరులో. దాని కింద తెల్ల గుడ్డ మూట. ముడి విప్పితే చిన్నపిల్ల చెప్పు ఒక్కటి. నీలం రబ్బరుది, పట్టీ మీద వెలిసిపోయిన పువ్వు.

ఆమె దాన్ని పట్టుకుని మంచం మీద కూర్చుంది. ఆయన అమెరికా వాళ్లకు లారీలు తోలిన ఏడాది సెలవుకు వచ్చి వెళ్లాకే ఫర్హానా చెప్పు ఒకటి పోయింది. అప్పుడు పిల్లకు నాలుగేళ్లు. పారేసుకొచ్చావా అని తను దాని వీపు విమానం మోత మోగించింది కూడా. ఆ చెప్పు నీలమో పచ్చో ఇప్పుడు గుర్తు లేదు. దొంగ మనిషి! ఇదేనా నువ్వు దాచుకున్న జిన్ను! బిడ్డ మీద ఇంత బెంగ పెట్టుకుని ఒక్కనాడూ నోరు విప్పలేదే అని, ఆ చెప్పును కొంగుతో తుడిచి, ముద్దు పెట్టుకుని, మళ్లీ మూట కట్టింది. కాగితం మాత్రం నవీద్ చేతిలో పెట్టింది.

ఆదివారం పొద్దున మామా మనవడికి కంప్యూటర్ సామానేదో తెమ్మంటే హవల్లీకి బయలుదేరారు. దిల్షాద్ బీ మసాలాల కోసమని ఎక్కింది. నవీద్ సల్వా మలుపులో ఎక్కాడు. పన్నెండున్నరకు ఆఫీసు మూస్తారని వాచీ చూసుకుంటున్నాడు. కాగితం ఫైలులో దాచాడు.

గాలి వేడిగా వీస్తోంది. సన్నటి దుమ్ము లేచి ఎదుటి దీపస్తంభాలు మాసిపోయాయి. ఇళ్ల వెనక ఖాళీ దారిలో కారు ధడాలున ఆగింది. నవీద్ ముందుకు తూలి, ఫైలు జారి, కాగితం గద్ద బొమ్మతో సహా గేరు పక్కన పడింది.

రోడ్డు మీద ఎవరూ లేరు.

నూర్ బాషా దిగాడు. ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల నేలకు ఆనించి కింద చూశాడు. అటు చక్రం దగ్గరా అంతే. దిల్షాద్ బీ అద్దంలోంచి చూస్తూ ఉండిపోయింది. కథగా వినడం వేరు. అరవై దగ్గరపడ్డ మనిషి ఎండలో రోడ్డుకు చెవి ఆనించడం చూడటం వేరు.

ఆయన వచ్చి కూర్చుని, కాగితం చూశాడు. భార్య వైపు తిరగలేదు. కారు పక్కకు తీసి ఇంజను ఆపేశాడు.

"యల్లా ఖాలూ, టైము..." అన్నాడు నవీద్.

"పెట్టె విప్పినావా?" అన్నాడు ఆయన వెనక్కి చూడకుండానే.

"విప్పినా. పిల్లోడి బతుకు పోతాంటే విప్పకేం చేసేది?"

ఆయన స్టీరింగు నిమిరాడు.

"సరే, వీడు గూడా వినల్ల. చలువ లారీ తోల్తాంటి నేను. ఇరాకులో ఉండే వాళ్ల క్యాంపులకు. గేటు కాడ నిలబెట్టి చెప్పేటోళ్లు, సరిహద్దు దాటినాక బ్రేకు మీద కాలు పెట్టొద్దు అని. ముందర ఎవురు నిలబడినా నిన్ను ఆపేదానికే. నువ్వు ఆగితే వెనకాల ముప్పై బండ్లు ఆగుతాయి, అందరూ సస్తారు అని. అది అబద్ధం గాదు. ఆగిన బండ్లు కాలింది నేనే చూసినా. సరిహద్దు ఊరు సఫ్వాన్ దాటినాక పిల్లోళ్లు నిలబడేటోళ్లు రోడ్డు పక్కన, నీళ్ల బాటిలు కోసరం చేతులు చాపుకోని. ఒకరోజు ఇట్లనే దుమ్ము. ముందర బండి ఎర్రదీపాలు తప్ప యేం కనపడలే. బండి ఎగిరింది. శానా గాదు. గుంతలో పడినంత."

దిల్షాద్ బీ ముందుకు వంగింది. "ఆపలేదా?"

"కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. నేనే వెనక్కి తీసినా."

"బండ్లో యేముండె?"

"ఐస్‌క్రీం."

దుమ్ము అద్దాల మీద జరజరా రాలుతోంది. వెనక ఒక బండి హారను కొట్టి దాటిపోయింది.

"క్యాంపుకు పోయినాక ఒక సోల్జరు అడిగినాడు, దారిలో ఏందో తగిలిందంటనే, గొర్రెనా అని. మంచోడే, చిన్నోడు. నా కండ్లలోకి చూడలే. గొర్రెనే అంటి. రాసుకున్నాడు. వారం తిరక్కముందే ఈ కాగితం చేతిలో పెట్టి ఫోటో తీసినారు. బండ్లు ఆగకుండా నడిపినానంట."

నవీద్ కాగితం తీసి దుమ్ము దులిపాడు. దాన్ని ఫైలులో పెట్టాలో, ఉన్నచోటే పెట్టాలో తెలియక ఒళ్లో పట్టుకున్నాడు.

"నాకు పదిహేను రోజులు గూడా లేవు ఖాలూ," అన్నాడు చివరికి. "నువ్వు దిగి చూడలే గదా. ఆ దారిలో మందలు శానా ఉంటాయంట. గొర్రెనే అయ్యుంటాది."

"అవును, ఫర్హానా అబ్బా," అంది దిల్షాద్ బీ ఆదరాబాదరాగా. "ఊరికే మనసు పాడు చేసుకుంటాండావు. గొర్రెనే అది."

నూర్ బాషా అప్పుడు వెనక్కి తిరిగి, ఆమె ముఖంలోకి చూశాడు.

"లారీ కడిగేటప్పుడు చక్రం రేకులో ఇరుక్కోనుండె. నువ్వు పెట్టెలో చూసినావు గదా. గొర్రెలు చెప్పులు యేసుకుంటాయా?"