డుడుమ అంచున ఉసిరిచెట్టు

ఏటా కార్తీకమాసంలో వనభోజనాలకు డుడుమ వచ్చి, శ్యామలాంబ జలపాతం చప్పుడు వినేది. జలపాతాన్ని మాత్రం చూడలేదు. చూడ్డానికి పోతే వంటెవరు చేస్తారు? మగవాళ్లు లోయ అంచుకెళ్లి, చూసి, ఆకలేసి దిగివస్తారు. వాళ్లకు వడ్డించి, ఆనక తాము తిని, గిన్నెలు తోమేసరికి పొద్దు వాలుతుంది. బళ్లు కడతారు. దీన్ని ఆడవాళ్ల షికారు అంటారు మనవాళ్లు, సిగ్గులేకుండా.

ఈ ఏడు ఆమె కుడికంటికి పూర్తిగా పొర కమ్మేసింది. ఎడమకన్ను మసకబారుతోంది.

"ఏవండీ, ఈసారి నన్నూ తీసుకెల్లండి," అంది బండి దిగుతూనే.

ఆమె భర్త భావనారాయణ జయపురం సంస్థానంలో శిస్తు వసూళ్లు చూసే అమీను. కొండ ఊళ్లలో అతని మాటకు ఎదురులేదు.

"వచ్చేయేడు సూద్దువులే. ఆ దారి ఆడోల్లు నడిసేది కాదు. జారుడు."

"వచ్చేయేటికి నాకు కన్నుండాల కదండీ."

"నే సూసొచ్చి సెప్తాను కదా!"

ఇన్నేళ్లూ చూసొచ్చి అతను చెప్పింది ఒక్కటే ముక్క: చాలా ఎత్తు.

మగవాళ్లు వెళ్లిపోయారు. ఆడబిడ్డ సత్యవేణి ఉసిరిచెట్టు కింద పొయ్యిరాళ్లు పేరుస్తోంది. అంతలో కట్టెమోపులు నెత్తిన పెట్టుకుని కొండ ఆడవాళ్లిద్దరు ఆ దారినే దిగివచ్చారు. ఒకతె నిండుచూలాలు.

"వదినా, వీల్లు ఆడోల్లు కాదేటి?" అంది సత్యవేణి.

"మరి వంటో?"

"ఉసిరిసెట్టు కింద వొండాల, అంతే కదా? ఆ అంచున ఉసిరి లేదేటి?"

కొండవాళ్లు మాట్లాడే దేశియాలో, వచ్చీరాని మాటలతో, చెట్టు చూపిస్తూ సత్యవేణి వాళ్లను అడిగింది. రెండో ఆమె నవ్వి, ఉందని పైకి చూపించింది. మోపు దించి తానే ముందు నడిచింది. వెనక బియ్యపు మూటతో సత్యవేణి, గుమ్మడికాయ చంకనెత్తుకుని శ్యామలాంబ.

గుగ్గిలం చెట్ల నడుమ దారి నిజంగానే జారుడు. అయితే ఏం? చెప్పులు విప్పి నడిచారు. దారి మలుపులో ఒక రాతిపలక దగ్గర లోయ విచ్చుకుంది. సత్యవేణి కిందికి తొంగిచూసింది.

"అమ్మోయ్! అదిగో వదినా, అడుగున ఏరు!"

శ్యామలాంబ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. అంతా పొగ. "నాకేటీ అవుపడ్డం లేదే. ఆలీసెం సేసీసేను," అంటూ రాయి మీద కూలబడింది.

"ఇంకా అంచుకి రాలేదు కదా? లే."

అంచున మగవాళ్లు పేకాడుతున్నారు. భావనారాయణ గబుక్కున లేచాడు.

"ఏటే అమ్మీ, వొంటయిపోనాదా?"

సత్యవేణి బియ్యపు మూట అతని చేతుల్లో పడేసింది. "ఇదిగో ఉసిరి. ఇవిగో బియ్యం. గుమ్మడికాయ వదిన తెస్తోంది. కానియ్యన్నయ్యా."

శ్యామలాంబ గుమ్మడికాయ దించి, అతన్ని దాటి నడిచింది. ముఖాన తుంపర పడింది. ఎదుట, మసకలోంచి, తెల్లగా ఏదో పడుతోంది. ఆగకుండా పడుతోంది. ఆమె సత్యవేణి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కదుల్తోందే! తెల్లగా... సూసేనే, సత్యవేణీ!"

భావనారాయణ పక్కకొచ్చి నిలబడ్డాడు. "సెప్పేను కదా, సాలా ఎత్తని."

"ఎత్తు సంగతి నాకు తెల్దు," అంది ఆమె, తల తిప్పకుండానే. "మీరెల్లి పొయ్యి ముట్టించండి. నేనింకా సూడాల."

భావనారాయణ చేసేది లేక వెళ్లి, రాళ్లు పేర్చి, పొయ్యి ముట్టించి ఊదాడు. కళ్లనిండా పొగ. దగ్గుతూనే ఊదాడు.

అన్నం మాడింది. కట్టెలామెతో సహా అందరూ తిన్నారు. శ్యామలాంబ విస్తరిని జలపాతం వైపు పెట్టుకుని తింది.